కోళ్ల ఎరువు లోడు దించుకునే ముందు తేమ చూసుకోండి, నీళ్లకు కూడా కిరాయి కట్టించుకుంటున్నారు

దూరం నుంచి కోళ్ల ఎరువు తెప్పించుకోవాలనుకునేవాళ్లు అడ్వాన్స్ ఇచ్చే ముందు ఇది ఒకసారి చదవండి. నాకు అమ్మినవాళ్ల పేరు రాయడం లేదు. ఇలా అమ్మేవాళ్లు వాళ్లొక్కరే అయి ఉండరు కాబట్టి పద్ధతి తెలిస్తే చాలు.

బేరం కుదిరింది బ్రాయిలర్ షెడ్డు లిట్టర్‌కు, అంటే పొట్టు పరిచిన నేల మీద తయారైన ఎరువుకు. తేమ 25 శాతం దాటదన్నారు. చూపించిన శాంపిల్ కూడా పిడికిట్లో నొక్కితే పొడిపొడిగా రాలిపోయింది. లారీలో వచ్చింది వేరు. పైన జానెడు మందాన అదే పొడి సరుకు, పార లోపలికి దించితే నల్లటి ముద్ద, కళ్లు మండే అమ్మోనియా ఘాటు. ఫోన్ చేస్తే "దారిలో వాన పడింది సార్" అన్నారు. పైన పొడిగా ఉంచి అడుగున తడిపే వాన ఎక్కడ పడుతుందో మరి!

లోడు మధ్యలోంచీ అడుగునుంచీ తీసి కలిపిన కిలో ఎరువును పల్చగా ఆరబోసి, ఇక బరువు తగ్గదనిపించేదాకా ఎండబెట్టి తూచాను. 560 గ్రాములు మిగిలింది. అంటే తేమ 44 శాతం పైమాటే, ఎండకు పోని తేమ ఇంకా కొంత ఉంటుంది కాబట్టి. లేయర్ షెడ్ల, అంటే గుడ్ల కోళ్ల షెడ్ల పచ్చి పెంట కలిపారని నా అనుమానం. దాంట్లో ముప్పాతిక వంతు దాకా నీళ్లే.

వేబ్రిడ్జి తూకంలో తేడా ఏమీ లేదు. చిక్కంతా అక్కడే ఉంది. టన్నులు సరిపోయాయి, పోషకాలు సరిపోలేదు. 25 శాతం తేమ ఉన్న మంచి లిట్టర్‌లో నత్రజని సుమారు 3 శాతం ఉంటుంది, 10 టన్నులకు 300 కిలోలు. అదే సరుకు 44 శాతం తేమతో వస్తే 224 కిలోలకు పడిపోతుంది. కిరాయి, లోడింగ్, చల్లే కూలీ ఒక్క పైసా తగ్గవు. కిలో నత్రజని మీద పడే రవాణా ఖర్చు మాత్రం మూడో వంతు పెరుగుతుంది. దూరం పెరిగేకొద్దీ ఈ దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. పక్క ఊరి షెడ్డు నుంచి తడి ఎరువు తెచ్చుకున్నా తట్టుకోవచ్చు, లారీ దూరానికి తట్టుకోలేం.

అమ్మేవాళ్లు వేసి చూపించే లెక్కతో కూడా జాగ్రత్త. టన్నులో ఉన్న నత్రజని, భాస్వరం, పొటాష్ అన్నింటికీ బజారు ధర కట్టి, "మేం అడిగేది అందులో సగమే" అంటారు. నత్రజనిలో మొదటి పంటకు అందేది దాదాపు సగమే. ఆ 300 కిలోల్లో 150 కిలోలు అందాయనుకున్నా, అది 325 కిలోల యూరియాతో సమానం. అంతకోసం 10 టన్నులు మోయిస్తున్నాం. చల్లి దున్నకుండా పైపైన వదిలేస్తే అందులోనూ కొంత అమ్మోనియాగా గాలికి పోతుంది.

కోళ్ల ఎరువు నిజంగా గిట్టేది భాస్వరం దగ్గర. అది కూడా దాదాపు నత్రజని అంతే ఉంటుంది, పంట వాడుకునేది మాత్రం చాలా తక్కువ. భూసార పరీక్షలో భాస్వరం తక్కువని వస్తే దూరం నుంచి తెచ్చినా గిట్టవచ్చు. ఇప్పటికే ఎక్కువ ఉంటే ఆ భాస్వరం విలువ మీకు సున్నా, ఏటా పేరుకుపోవడం తప్ప. పరీక్ష చేయించకుండా లారీ పిలవకండి.

ఇంకోటి, మట్టి. మట్టి నేల షెడ్డును లోతుగా గీకితే ఇసుక కూడా తూకంలోకి వస్తుంది. దోసెడు ఎరువు బకెట్ నీళ్లలో వేసి బాగా కలిపి, కాసేపాగి నీళ్లు వంచేయండి. పొట్టు, ఈకలు పైకి తేలిపోతాయి, ఇసుక అడుగున ఉంటుంది. నాకు వచ్చిన లోడులో అడుగున మిగిలింది పిడికెడు. చచ్చిన కోళ్ల ముక్కలు కనిపిస్తే మాత్రం ఆ లోడు అసలు దించుకోవద్దు, పశువులు మేసే చోట మరీను. వాటి వల్ల పశువులకు బొట్యులిజం అనే విషవ్యాధి వచ్చి చనిపోయే ప్రమాదం ఉంది.

బేరం చేసేటప్పుడు ధరను తేమతో ముడిపెట్టి కాగితం మీద రాయించుకోండి. ఇంత శాతం దాటితే ఇంత తగ్గింపు, మరీ దాటితే లోడు వెనక్కి, వెనక్కి పంపే కిరాయి అమ్మినవాళ్లదే అని. లారీ వచ్చాక పైనుంచి కాకుండా లోపలి నుంచి తీసి చూశాకే తలుపు తీయనివ్వండి. దించాక ఏం మాట్లాడినా "ఎరువన్నాక తడి ఉండదా అండీ" అనే జవాబే వస్తుంది. నాకూ అదే వచ్చింది. రెండో లోడు వద్దన్నాను, దానికిచ్చిన అడ్వాన్స్ ఇంకా తిరిగి రాలేదు.