ఐదేళ్లు వాడాక నా ఎస్‌ఎంపీఎస్: రెండు తలల కేబుల్‌తో వచ్చిన చిక్కు

2020 నవంబరులో ఈ 650 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటరు లోపలి భాగాలన్నిటికీ కరెంటు అందించే పెట్టె) కొన్న కొత్తలో దీని మాడ్యులర్ కేబుళ్లను నేను మనసారా మెచ్చుకున్నాను. కావలసిన కేబుళ్లు మాత్రమే తగిలించుకుని, మిగిలినవాటిని దానితో వచ్చిన నల్లని గుడ్డసంచిలో వేసి బీరువాలో దాచుకోవచ్చుననీ, క్యాబినెట్ లోపల చేయి పెట్టి దుమ్ము తుడవడానికి చోటు మిగులుతుందనీ అడిగిన వారందరికీ చెప్పాను. ఆ మాటను ఇప్పుడు పూర్తిగా వెనక్కి తీసుకోవడం లేదు. అయితే ఆ సదుపాయం వల్లనే మూడు నెలలు నా పని పాడైంది. డబ్బా మీద ఒక్క వాక్యం పెద్ద అక్షరాలలో రాసి ఉంటే ఆ మూడు నెలలు నాకు మిగిలేవన్న బాధ ఇంకా తగ్గలేదు. కంపెనీ పేరు చెప్పదలచుకోలేదు, ఎందుకంటే ఇటువంటి కేబుల్ ఇచ్చేవారు చాలామందే ఉన్నారు.

ఫ్యాను చప్పుడు, సామర్థ్యం వంటి విషయాలలో నాకు ఫిర్యాదు లేదు. కథంతా ఒక్క కేబుల్‌దే.

నేను పదో తరగతి పిల్లలకు లెక్కల పాఠాలు రికార్డు చేసి, ఇంట్లోనే ఎడిటింగ్ చేసుకుంటాను. అందుకోసం 2022లో 200 వాట్ల గ్రాఫిక్స్ కార్డు ఒకటి వేయించాను. దానికి ఎనిమిది పిన్నుల కనెక్టర్లు రెండు కావాలి. ఎస్‌ఎంపీఎస్‌తో వచ్చిన కేబుల్‌కు ఒక చివర ఒకే ప్లగ్గు, రెండో చివర రెండు తలలు ఉన్నాయి కనుక, ఒక్క కేబుల్‌తోనే పని పూర్తయిందని సంతోషించాను. రెండేళ్లకు పైగా ఏ ఇబ్బందీ రాలేదు.

2024 ఆగస్టులో మొదలైంది. తెర మీద బొమ్మ ఉన్నచోటనే బిగుసుకుపోయేది. స్పీకర్లలో చివరి అక్షరం గుర్రుమంటూ సాగేది. రెండు మూడు క్షణాలకు తెర నల్లబడి, మానిటర్ సిగ్నల్ లేదని చెప్పేది. క్యాబినెట్ లోపల లైట్లు వెలుగుతూనే ఉండేవి, గ్రాఫిక్స్ కార్డు ఫ్యాన్లు మాత్రం ఒక్కసారిగా పూర్తి వేగంతో హోరెత్తేవి. మొదట వారానికి ఒకసారి, వానలు ముదిరాక రోజుకు రెండుసార్లు ఇలా జరిగింది. భారీ పని చేస్తున్నప్పుడే జరిగితే కారణం ఊహించేదాన్ని. కానీ ఒక్కొక్కప్పుడు గంటసేపు వీడియో ఎగుమతి చేసినా నిలబడిన యంత్రం, ఆ తరువాత బ్రౌజరులో పేజీ కిందికి జరుపుతుంటే ఆగిపోయేది.

చేయవలసిన పరీక్షలన్నీ వరుసగా చేశాను. యంత్రంలో జరిగినవన్నీ నమోదయ్యే విండోస్ ఈవెంట్ వ్యూయరులో ప్రతిసారీ కెర్నల్-పవర్ 41 అన్న నమోదు కనబడింది. యంత్రం సక్రమంగా షట్‌డౌన్ కాలేదని మాత్రమే అది చెబుతుంది, ఎందుకు కాలేదో చెప్పదు. దాన్ని చూసి కారణం దొరికిందనుకోవడం పొరపాటు. తెర నల్లబడగానే విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బీ మీటలు కలిపి నొక్కితే డిస్‌ప్లే డ్రైవరు మళ్లీ మొదలవ్వాలి, అదీ పనిచేయలేదు. క్యాప్స్ లాక్ నొక్కినా కీబోర్డు మీద దీపం మారలేదు కాబట్టి, పోయింది తెర ఒక్కటే కాదనీ, యంత్రం మొత్తం బిగుసుకుపోయిందనీ అర్థమైంది. ర్యామ్‌ను తీసి, దాని బంగారు గీతలను రబ్బరుతో తుడిచి, ఒక్కొక్క పలకను విడిగా పెట్టి చూశాను. ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్ ప్రోగ్రాంను రాత్రంతా నడిపితే ఒక్క తప్పూ రాలేదు. సేఫ్ మోడ్‌లో పాత డ్రైవరును సమూలంగా తీసేసి కొత్తది వేశాను. యూపీఎస్‌ను తప్పించి నేరుగా గోడ ప్లగ్గుకు పెట్టాను. కార్డు వేడి ఎప్పుడూ 71 డిగ్రీలు దాటలేదు. రిపేరు షాపులో ఎస్‌ఎంపీఎస్‌కు టెస్టరు పెట్టి, 12 వోల్టులు సరిగ్గా వస్తున్నాయని చూపించి, "మదర్‌బోర్డు పోయినట్టుంది మేడమ్, మార్చేద్దాం" అన్నారు. తొమ్మిది వేలు అవుతుందన్నారు. ఆ టెస్టరు ఎస్‌ఎంపీఎస్ మీద పెద్ద బరువేమీ వేయదనీ, కార్డు దగ్గరకు చేరే వోల్టేజీని అసలే చూడదనీ నాకు అప్పటికి తెలియదు. అయినా ఎందుకో మనసొప్పక, సామాను తిరిగి ఇంటికి తెచ్చుకున్నాను.

దారి చూపింది కంప్యూటరు తెలిసినవారు కాదు. నవంబరులో గీజరు ప్లగ్గు పాయింటు కాలిపోతే ఎలక్ట్రీషియన్ వచ్చాడు. ప్లగ్గు ఊడదీసి, గోధుమ రంగుకు తిరిగిన పిన్ను నా చేతికిచ్చి, "గీజరు మంచిదేనమ్మా, జాయింటు వదులైతే ఇలాగే కాలిపోద్ది" అన్నాడు. ఆ మాట వినగానే మా యంత్రంలో జాయింట్లు ఎన్ని ఉన్నాయో ఆలోచించాను. మాడ్యులర్ ఎస్‌ఎంపీఎస్‌లో కార్డు దగ్గర ఒక జాయింటు, ఎస్‌ఎంపీఎస్ దగ్గర మరొకటి ఉంటాయి. ఆ రెండోది కార్డు వేయించాక నేను ఒక్కసారి కూడా ముట్టుకోలేదు.

ఆ సాయంత్రమే, యంత్రంలోని వేడి, వోల్టేజీ వంటి కొలతలు చూపే హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ప్రోగ్రాంలో వెతికితే, కార్డు తన ఎనిమిది పిన్నుల కనెక్టర్ల దగ్గర వోల్టేజీని తానే కొలిచి చూపిస్తోందని తెలిసింది. అన్ని కార్డులూ ఇది చూపవు. ఊరకే ఉన్నప్పుడు 12.0, పని ఇవ్వగానే 11.3. 12 వోల్టుల లైనుకు, నేను కొన్ననాటి ఎస్‌ఎంపీఎస్‌లకు వర్తించే ఏటీఎక్స్ ప్రమాణం ప్రకారం ఐదు శాతం తేడా చెల్లుతుంది, అంటే 11.4 కంటే తగ్గకూడదు. అదే సమయంలో మదర్‌బోర్డు దగ్గర 12.1 ఉంది. ఈ ప్రోగ్రాం రెండు సెకన్లకు ఒకసారే కొలుస్తుంది. కార్డు విశ్రాంతి నుంచి ఒక్కసారిగా లేచినప్పుడు ఆ నడుమ వోల్టేజీలో పడే గుంటలు ఇంకెంత లోతో అది పట్టుకోలేదు. పేజీ జరుపుతున్నప్పుడు కూడా ఎందుకు ఆగేదో నాకు అప్పుడు బోధపడింది.

కరెంటు తీసేసి, కాసేపాగి, ఎస్‌ఎంపీఎస్ వైపు ప్లగ్గు లాగితే ఊడి రాలేదు. అటూ ఇటూ మెల్లగా కదిపితే వచ్చింది. టార్చి వెలుతురులో చూస్తే ఒక మూలన ఉన్న రంధ్రం అంచు మెత్తబడి, చెరుకుపాకం రంగుకు తిరిగి ఉంది. పక్క రంధ్రాలలో లోహం వెండిలా మెరుస్తుంటే, దీనిలో మసి పట్టినట్టు నల్లగా ఉంది. మదర్‌బోర్డు స్లాటు గరిష్ఠంగా 75 వాట్లు ఇవ్వగలదు కాబట్టి, తక్కిన 125 వాట్లయినా, అంటే 10 ఆంపియర్లకు పైగా కరెంటు, ఈ ఒక్క ప్లగ్గులోని 12 వోల్టుల తీగలు మూడింటి మీదుగా వెళ్తోంది. కొత్త కనెక్టరుకు అది మోయలేని బరువు కాదు. మాది విశాఖలో సముద్రానికి కిలోమీటరు లోపు ఇల్లు. కిటికీ చువ్వలే రెండేళ్లకోసారి తుప్పు పడతాయి. ఉప్పుగాలికి పిన్ను మీద చిలుము పట్టి, పట్టు తగ్గి, వేడెక్కి, ఆ వేడికి పట్టు మరింత తగ్గి ఉంటుందని నా నమ్మకం.

బీరువా తీసి గుడ్డసంచి విప్పాను. అదే రకం కేబుల్ ఇంకొకటి, ప్లాస్టిక్ కవరైనా చింపకుండా, అందులో ఉంది. మాన్యువల్ తీసి చదివితే, ఎక్కువ విద్యుత్తు తీసుకునే కార్డుకు రెండు వేర్వేరు కేబుళ్లు వాడవలసిందని చివరి పేజీలో చీమతలకాయంత అక్షరాలలో ఉంది. అంత ముఖ్యమైన మాట ఉండవలసిన చోటు అది కాదు. ఒక కనెక్టరుకు కొత్త కేబుల్ పెట్టి, రెండో కనెక్టరుకు సర్వీసు సెంటరు నుంచి ఇదే మోడల్ కేబుల్ తెప్పించుకున్నాను. వారు అందుకు డబ్బు తీసుకోలేదు, ఆ మంచితనం చెప్పుకోవాలి. కాలిన సాకెట్‌ను వదిలేసి, పక్కనున్న రెండు సాకెట్లు వాడాను. పని ఇచ్చినప్పుడు ఇప్పుడు 11.9 చూపిస్తోంది. ఆ రోజు నుంచి ఏడాదికి పైగా గడిచింది, తెర ఒక్కసారి కూడా నల్లబడలేదు.

ఇక్కడ ఒక హెచ్చరిక తప్పనిసరి. ఎస్‌ఎంపీఎస్ వైపు పిన్నుల వరుసకు ఉమ్మడి ప్రమాణం లేదు. ప్లగ్గు సరిపోయింది కదా అని వేరే కంపెనీ కేబుల్‌ను, ఒక్కోసారి అదే కంపెనీ వేరే మోడల్ కేబుల్‌ను పెట్టినా, కార్డో డిస్కో కాలిపోవచ్చు.

నా తీర్పు నా ఇంటికీ నా కార్డుకూ సంబంధించినది మాత్రమే. ఒకే కనెక్టరు ఉన్న చిన్న కార్డు వాడేవారికి, సముద్రపు గాలి తగలని ఊళ్లలో ఉండేవారికి దీనితో ఏ చిక్కూ రాకపోవచ్చు. వారు అడిగితే ఇప్పటికీ కొనమనే చెబుతాను. నేను మళ్లీ కొనవలసి వస్తే మాత్రం, క్యాబినెట్‌లో కాస్త ఇరుకైనా సరే, కేబుళ్లు లోపలే అతికి వచ్చేదాన్ని ముందు చూస్తాను. ఏడేళ్ల వారంటీ 2027 నవంబరు దాకా ఉంది. ఇటువంటి ప్లగ్గులను మాటిమాటికీ ఊడదీస్తే పట్టు తగ్గుతుంది కాబట్టి వాటి జోలికి పోకుండా, ఏటా వానాకాలానికి ముందు కార్డు దగ్గర ఆ వోల్టేజీ అంకె ఒకసారి చూసి, నోటు పుస్తకంలో రాసుకుంటున్నాను.