పాత కారుతో అప్పర్ పెనిన్సులా: చలికాలపు ప్రయాణం

చలికాలంలో మిషిగన్ రాష్ట్రపు ఉత్తర ద్వీపకల్పమైన అప్పర్ పెనిన్సులాకు పాత కారులో వెళ్లవచ్చా అని డెట్రాయిట్ చుట్టుపక్కల చదువుకునే తెలుగు పిల్లలు తరచుగా అడుగుతుంటారు. నిస్సందేహంగా వెళ్లవచ్చు. అయితే ఎన్ని మైళ్లు తిరిగిందో చూసే ముందు కారు అడుగుభాగం చూడాలి. మంచు కరగడానికి ఇక్కడి రోడ్ల మీద చల్లే ఉప్పు ఇనుమును కింది నుంచి తినేస్తుంది. బ్రేకు గొట్టాలు, సస్పెన్షన్ బిగించిన చోట్లు, తలుపుల కింది అంచులు ముందుగా తుప్పు పడతాయి. మిషిగన్‌లో సొంత కార్లకు ఏటా తప్పనిసరి తనిఖీ లేదు కనుక ఆ బాధ్యత కొనేవారిదే. గ్యారేజీ లిఫ్టు మీదికి ఎక్కించి చూడనివ్వని అమ్మకందారు ఎంత ధర తగ్గించినా నేను కొనను. టెక్సాస్‌లోనో జార్జియాలోనో తిరిగిన కారు, మైళ్లు ఎక్కువైనా సరే, ఇక్కడి చలికాలాలు చాలా చూసిన కారు కన్నా మేలు.

మేము రెండు కార్లలో బయలుదేరాం. నాది 2009 కరోలా, ముందు చక్రాలే లాగుతాయి. మిత్రుడిది 2006 సుబారు అవుట్‌బ్యాక్, నాలుగు చక్రాలూ లాగుతాయి. నా కారుకు చలికాలపు టైర్లు ఉన్నాయి. ఆయన కారుకు ఉన్నవి సగం అరిగిన ఆల్ సీజన్ టైర్లు, అంటే ఏడాది పొడవునా వాడే మామూలువి.

ఐ-75 హైవే మీద ఉత్తరానికి సాగితే అప్పర్ పెనిన్సులాకు చేర్చే మాకినా వంతెన వస్తుంది. 1957లో తెరిచిన ఈ వంతెన పొడవు దాదాపు 5 మైళ్లు. లోపలి వరుస ఇనుప జాలీ, బయటి వరుస మామూలు రోడ్డు. చిన్న కారుకు బయటి వరుసే నయం. గాలి మరీ ఎక్కువైనా, పై తీగల నుంచి మంచుగడ్డలు రాలుతున్నా వంతెన మూసేస్తారు. అందువల్ల బయలుదేరే ముందు దాని పరిస్థితి తెలుసుకోవాలి, ఇంధనం ఎప్పుడూ సగం ట్యాంకుకు తగ్గకుండా చూసుకోవాలి.

వంతెన దాటాక, సెనీ నుంచి షింగిల్టన్ దాకా ఎం-28 రోడ్డు మీద 25 మైళ్లు దాదాపు గీత గీసినట్టే ఉంటుంది. ఇరువైపులా చిత్తడి నేల, అడవి. అడ్డంగా ఎగిరే మంచులో దారి, పక్కన గట్టు ఒకే తెలుపు. మా రెండు కార్ల తేడా బాగా తెలిసింది ఆ తరువాతే, మ్యూనిసింగ్ వైపు వాలులు మొదలైనప్పుడు. ఆగిన చోటు నుంచి కదలడంలో సుబారుకు సాటి లేదు, ఎత్తులో కూడా నిబ్బరంగా ఎక్కింది. దిగేటప్పుడు మాత్రం బ్రేకు నొక్కినా జారుతూ పోయింది. కరోలా కదలడానికి కాస్త తడబడినా ఆగమన్న చోట ఆగింది. నాలుగు చక్రాలు లాగడం ముందుకు పోవడానికి పనికొస్తుంది, ఆపేది టైరే. సుమారు 7 డిగ్రీల సెల్సియస్ కన్నా చల్లబడితే మామూలు టైరు రబ్బరు బిగుసుకుపోతుంది, చలికాలపు టైరు మెత్తగానే ఉండి నేలను పట్టుకుంటుంది. టైరు పక్కన మూడు శిఖరాల కొండ, దాని లోపల మంచురేకు గుర్తు ఉందో లేదో చూడండి. ‘ఎం ప్లస్ ఎస్’ (బురద, మంచు అని అర్థం) అన్న అక్షరాలు ఒక్కటే ఉంటే చాలదు. పాత సుబారు 2.5 లీటర్ల ఇంజన్లలో హెడ్ గాస్కెట్ (ఇంజన్ పై భాగానికీ కింది భాగానికీ మధ్య బిగించే పొర) కారడం పేరుమోసిన జబ్బు. ఆ మరమ్మతు అయిపోయిన కారు దొరికితే అంతకన్నా కావలసింది లేదు.

మార్కెట్ (Marquette) అనే పట్టణంలో బసకు రెండు దారులు. ఫ్రంట్ స్ట్రీట్‌లో 1930లో కట్టిన ల్యాండ్‌మార్క్ ఇన్ ఉంది, ఊరి నడిబొడ్డు, పాత హుందాతనం. కానీ ఆ వీధులు నిటారు వాలులు. పైగా చలికాలపు రాత్రుళ్లు మంచు తీసే బళ్ల కోసం వీధిలో కార్లు నిలపనివ్వరు. పాత కారుతో వచ్చినవారికి హైవే పక్కన చదునైన స్థలమున్న సాదా మోటెలే సుఖం. మేము దిగిన మోటెల్‌లో గది వెచ్చగా ఉంది, పడకలు శుభ్రం, కానీ ఉదయం పది దాటినా ఆవరణలో మంచు తీయలేదు. తరువాతి ఊరు హాటన్‌లో దిగిన మోటెల్ ఇంకా పాతది, గోడలు పలచన. అయినా తెల్లవారకముందే దారి ఊడ్చారు, ఇంజన్ హీటరు తగిలించుకోవడానికి బయట కరెంటు ప్లగ్గు ఇచ్చారు. నా ఓటు దానికే.

ఆ ప్లగ్గు విలువ మరునాడు తెలిసింది. మైనస్ 18 డిగ్రీల సెల్సియస్ దగ్గర బ్యాటరీ దాదాపు సగం బలం కోల్పోతుంది. హీటరు లేని మిత్రుడి కారు కదలలేదు. ఏటా చందా కట్టే సహాయ సంస్థకు ఫోను చేస్తే ఎక్కడో దూరాన ఉన్నవారు ఊరి పేరు మళ్లీ మళ్లీ అడిగారు, చివరికి సాయంత్రానికి వస్తామన్నారు. మోటెల్ ఆవిడ పక్కవీధి గ్యారేజీకి కబురు చేస్తే అరగంటలో మనిషి వచ్చి కొత్త బ్యాటరీ వేసి వెళ్లాడు. ఈ ప్రాంతానికి వచ్చేవారు ఊరూరా ఒక గ్యారేజీ నంబరు రాసుకుని రావాలని గట్టిగా చెబుతాను.

హాటన్ నుంచి కాపర్ హార్బర్ దాకా యుఎస్-41 మీద ప్రయాణం ఈ యాత్రకే తలమానికం. మోహాక్ దాటాక రోడ్డు పక్కన పొడవైన మంచు కొలబద్ద కనిపిస్తుంది. 1978-79 చలికాలంలో ఇక్కడ 390.4 అంగుళాలు, అంటే 32.5 అడుగుల మంచు కురిసింది. అతిచల్లని గాలులు సుపీరియర్ సరస్సు మీదుగా వస్తూ తేమ తాగి ఈ కొండల మీద కుమ్మరిస్తాయి. మరీ చల్లబడితే ఉప్పు పనిచేయదు, అప్పుడు ఇసుక చల్లుతారు. ఆ ఇసుక మీద చక్రం పట్టు చక్కగా దొరుకుతుంది. కాలుమెట్ దగ్గర తిన్న పేస్టీ, ఒకప్పుడు కార్నిష్ గని కార్మికులు గనిలోకి పట్టుకెళ్లిన తిండి, మన కజ్జికాయను నాలుగింతలు పెంచి మాంసం, బంగాళదుంప కూరినట్టు ఉంటుంది. శాకాహారులు ముందే అడగాలి.

దారిలో మంచులో ఇరుక్కుంటే ఇంజను నడిపే ముందు దిగి పొగగొట్టం చుట్టూ మంచు తీయాలి, లేకపోతే విషవాయువు లోపలికి చేరుతుంది. పార, ఇసుక మూట, దుప్పట్లు రెండు కార్లలోనూ ఉంచాం. తిరిగి దక్షిణానికి చేరాక, చలి కాస్త విరిగిన మొదటి పూటే కార్ల అడుగుభాగం కూడా కడిగే చోట కడిగించి, బ్రేకు గొట్టాలు మరోసారి చూపించాం. మిత్రుడు సుబారుకు చలికాలపు టైర్లు కొన్నాడు.