పారిస్ కార్నర్‌లో దొరికే 12 అంగుళాల గ్లోబు: కొనేముందు ఏం చూడాలి

చెన్నై పారిస్ కార్నర్ స్టేషనరీ కొట్లలో వెయ్యి రూపాయల లోపే దొరుకుతుంది. ధరకు తగ్గ సరుకే, కానీ గ్లోబు గ్లోబుకీ తేడా ఉంది. కాబట్టి పెట్టె విప్పించి చూసే తీసుకోండి.

ముందు సముద్రం. భూమి ఉపరితలం సుమారు 51 కోట్ల చదరపు కిలోమీటర్లు. అందులో 36 కోట్లు, అంటే 71 శాతం నీళ్లు. గోడపటం ధ్రువాల దగ్గరి నేలను ఉబ్బించి చూపిస్తుంది గనుక ఈ వాటా అందులో తెలియదు. గ్లోబును న్యూజిలాండ్ ఎదురుగా వచ్చేలా తిప్పి, రెండు గజాల దూరం నుంచి చూడండి. కళ్ల నిండా నీలమే. పసిఫిక్ ఒక్కటే భూమ్మీది నేలంతటికన్నా పెద్దది మరి! అంత ముఖ్యమైన చోట, దక్షిణ పసిఫిక్ మీద, రంగుల సూచిక పెట్టెను అచ్చేశారు. చిన్న ద్వీపాలన్నీ దాని కిందకి పోయాయి. సముద్రమంటే ఖాళీ జాగా అని పిల్లలకు నేర్పే తప్పు ఇది. కంపెనీ దిద్దుకోవాలి.

దారంతో ఒక పరీక్ష. ఈ గ్లోబు మీద ఒక సెంటీమీటరు దాదాపు 418 కిలోమీటర్లు. చెన్నై నుంచి నేరుగా దక్షిణానికి దారం పరిస్తే అంటార్కిటికా తీరానికి 21 సెంటీమీటర్లు రావాలి. మధ్యలో తగిలే నేల శ్రీలంక ఒక్కటే, దాదాపు ఒక సెంటీమీటరు. కొలత అరసెంటీమీటరు మించి తప్పితే అచ్చు కాగితం సరిగా అతకలేదన్నమాట.

అసలు గొడవంతా భూమధ్యరేఖ దగ్గరే. రెండు అర్ధగోళాలను అక్కడ కలుపుతారు. జిగురు తడికి కాగితం సాగి, పైదీ కిందదీ కలవవు. బోర్నియో తీరం, ఆఫ్రికా తూర్పు తీరం చూడండి: గీత రెండు మిల్లీమీటర్లు జరిగినా 80 కిలోమీటర్లు తప్పినట్టే. అలాంటిది వద్దని చెప్పి ఇంకొకటి తీయించండి.

కొండలు చేతికి తగిలే రకానికి ఎక్కువ డబ్బు పెట్టకండి. ఈ సైజులో ఎవరెస్టు ఎత్తు 0.2 మిల్లీమీటర్లే. సముద్రాల సగటు లోతు జెరాక్స్ కాగితమంత మందం కూడా ఉండదు. మూడు మిల్లీమీటర్ల గుట్ట పెట్టారంటే పద్నాలుగు రెట్లు పెంచారన్నమాట.

చెన్నై ఉప్పుగాలికి ధ్రువాల దగ్గర కాగితం కొసలు లేస్తాయి. నీళ్లు కలిపిన ఫెవికాల్‌ను సన్న బ్రష్‌తో లోపలికి పూసి, పొడిగుడ్డతో ఒత్తి పట్టుకోండి. తడిగుడ్డ మాత్రం తగలనివ్వద్దు, నీలం రంగు కారిపోతుంది.