జర్మనీ మాస్టర్స్, మూడేళ్ల తర్వాత: దిద్దిన పేపరు చూపించే చదువు

బ్లాక్డ్ అకౌంట్ (ఖర్చులకి డబ్బుందని చూపించడానికి ముందే జమ చేసే ఖాతా), ఏపీఎస్ (మన సర్టిఫికెట్లు సరిచూసే తతంగం), వీసా స్లాట్ల గురించి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. ఏ సీనియర్‌ని అర్ధరాత్రి లేపి అడిగినా గడగడా అప్పజెబుతాడు. నేను వెళ్లిన 2021లో బ్లాక్డ్ అకౌంట్‌లో 10,332 యూరోలు వేస్తే సరిపోయేది, 2024లో అది 11,904 అయింది. ఏపీఎస్ మా బ్యాచ్‌కి లేనే లేదు, 2022 నవంబరు నుంచి పెట్టారు. ఈ లెక్కలు ఇంతటితో చాలు. నేను రాయాలని కూర్చున్నది ఒక గంట గురించి. 2022 అక్టోబరులో, తూర్పు జర్మనీలో ఒక చిన్న ఊరి యూనివర్సిటీలో, సెమినార్ గదిలో నా ఆన్సర్ షీటు ముందు పెట్టుకుని కూర్చున్న గంట.

ముందు కొంత ఉపోద్ఘాతం తప్పదు. ఇక్కడ మార్కులు మనకి తలకిందులుగా ఉంటాయి. 1.0 అంటే టాపు, 4.0 అంటే గట్టెక్కాడని, 5.0 అంటే పోయిందని. మొదటి సెమిస్టర్‌లో కంటిన్యూయమ్ మెకానిక్స్‌లో, అంటే పదార్థాల మీద బలాలు ఎలా పనిచేస్తాయో చెప్పే సబ్జెక్టులో, నాకు 5.0 వచ్చింది. ఆ రోజే అమ్మ ఫోన్ చేసి "రిజల్టొచ్చిందా నాన్నా, ఎంతా?" అంది. "ఐదమ్మా" అన్నాను. "ఐదుకి ఐదే!" అని సంబరపడిపోయింది. నిజం చెబుదామని నోరు తెరిచేలోపే పక్కింటి అత్తయ్యకి చెప్పడానికి ఫోన్ పక్కన పెట్టేసింది. నేను మళ్లీ ఆ ఊసెత్తలేదు. అది నా తప్పే, ఇందులో జర్మనీ పాత్రేమీ లేదు.

ఫెయిలవడం నాకు కొత్త కాదు. కాకినాడ దగ్గర బీటెక్ చేసినప్పుడు రెండు సప్లీలు రాసి గట్టెక్కినవాణ్ణే. సప్లీ అంటే మన దగ్గర జలుబు లాంటిది, వస్తుంది, పోతుంది. అందుకే ఇక్కడా ఆరు సబ్జెక్టులకీ ఒకేసారి రిజిస్టర్ చేసేశాను, ఎగ్జామ్ ఫీజు కట్టేసినట్టు. మా యూనివర్సిటీలో పరీక్షకి వారం ముందు దాకా పోర్టల్‌లో పేరు వెనక్కి తీసుకోవచ్చు, అలా తీసుకుంటే అటెంప్టు లెక్కలోకి రాదు. ఆ సంగతి తెలిసినా ఆ ఆరూ చదవగలిగేవాణ్ణి కాదనుకోండి. వారానికి మూడు రాత్రులు గోడౌన్‌లో పార్శిళ్లు సర్దే పని. ఉదయం లెక్చర్‌కి వెళ్తే ప్రొఫెసర్ మాట జోలపాటలా వినిపించేది.

అసలు భయం ఎక్కడుందంటే, మా కోర్సులో ఒక పరీక్షకి మూడు అటెంప్టులే. మూడోదీ పోతే యూనివర్సిటీ నుంచి పేరు కొట్టేస్తారు. అదే కోర్సులో జర్మనీలో ఇంకోచోట చేరదామన్నా తలుపులు మూసుకున్నట్టే. చదువు కోసం ఇచ్చిన రెసిడెన్స్ పర్మిట్ కూడా దాంతోపాటే ప్రమాదంలో పడుతుంది. అన్ని యూనివర్సిటీల్లోనూ మూడే ఉండవు, ఎక్కడి నియమాలు అక్కడివి. చేరే ముందు ర్యాంకింగులు చూసినంత శ్రద్ధగా పరీక్షల నియమాల పుస్తకం చూసినవాణ్ణి నేనింతవరకూ కలవలేదు. నేనూ చూడలేదు.

మొదటిసారి పోయాక మెయిల్ ఒకటొచ్చింది, జర్మన్‌లో. ఫలానా రోజు, ఫలానా గంటకి, 'ఐన్‌జిష్ట్'. అంటే దిద్దిన పేపరు చూసుకునే హక్కు. తర్జుమా చేసుకుని చదివి పక్కన పడేశాను. మన దగ్గర రీవాల్యుయేషన్‌కి డబ్బు కట్టి, నెలలు ఆగి, చివరికి 'మార్పు లేదు' అన్న ముక్క చదవడం అలవాటైన ప్రాణం కదా. పైగా ఆ రోజు షిఫ్టు ఉంది. అన్నిటికంటే మించి, పేపరు చూస్తానని వెళ్తే ప్రొఫెసర్ని అనుమానించినట్టు అవుతుందేమో, ఆయన మనసులో పెట్టుకుంటాడేమో అని ఒక పిచ్చి బెంగ.

రెండోసారి వేసవిలో రాశాను. చదివే రాశాను. ఫార్ములాలన్నీ నోటికొచ్చు. అయినా 5.0. ఈసారి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

మా హాస్టల్లో వరంగల్ అక్క ఒకామె ఉండేది, రెండు బ్యాచ్‌లు సీనియర్. వంటింట్లో పప్పు తాలింపు వేస్తూ నా మొహం చూసి అడిగింది.

"ఏమైందిరా, గట్ల కూసున్నవ్?"

చెప్పాను.

"ఐన్‌జిష్ట్‌కి పోయినవా?"

"లేదక్కా, దానివల్ల మార్కులేం పెరుగుతాయి?"

"మార్కుల కోసం ఎవడు పొమ్మన్నడురా? నువ్వేం రాసినవో నువ్వన్న చూసుకోవాలె గదా. రెండు సార్లు పోగొట్టుకున్నవ్, ఎందుకు పోయిందో నీకే తెల్వదు. మూడోసారి ఏం రాస్తవ్, గదేనా?"

గరిటె నా వైపు చూపిస్తూ అడిగేసరికి జవాబు దొరకలేదు. ఆ వారం షిఫ్టు వదులుకుని వెళ్లాను.

గదిలో ఎనిమిది మందిమి. బల్ల మీద ఎవరి పేపరు వాళ్లకి పెట్టి, ప్రశ్నకి ఎన్ని మార్కులు, ఏ మెట్టుకి ఎంత అని రాసిన కాగితం పక్కన పెట్టారు. ఫొటోలు తీయకూడదు, కావలిస్తే రాసుకోవచ్చు. దిద్దిన అసిస్టెంటు అక్కడే కూర్చున్నాడు. పీహెచ్‌డీ చేస్తున్న మనిషి, నాకంటే మూడు నాలుగేళ్లు పెద్దేమో. వరసగా ఒక్కొక్కరి దగ్గరికీ వస్తున్నాడు. జీవితంలో అప్పటిదాకా నేను సెమిస్టర్ పరీక్షలో రాసిన పేపరు దిద్దాక ఎలా ఉంటుందో చూసింది లేదు. పదో తరగతి నుంచి బీటెక్ దాకా ఎన్ని వందల పేజీలు రాశానో, ఒక్కటీ తిరిగి నా చేతికి రాలేదు. అది తలచుకుంటే ఇప్పటికీ వింతగానే ఉంటుంది.

రెండో ప్రశ్న ఆరు మార్కులది. ఒక స్ట్రెస్ టెన్సరు (వస్తువు లోపలి ఒత్తిళ్ల పట్టిక) ఇచ్చి, వాలుగా ఉన్న ఒక తలం మీద ట్రాక్షన్ వెక్టరు (ఆ తలం మీద పడే ఒత్తిడి) కనుక్కోమన్నారు. ఆ తలం మీద షియర్ (తలం వెంబడి జారించే ఒత్తిడి) ఉందా లేదా, ఎందుకు, ఒక్క వాక్యంలో చెప్పమన్నారు. నేను ఏం చేశానంటే, కోషీ టెట్రాహెడ్రన్ బొమ్మ స్కేలు పెట్టి గీశాను. నిర్వచనం రాసి కింద రెండు గీతలు కొట్టాను. ఫార్ములాని మొదటి నుంచి డిరైవ్ చేశాను, పేజీన్నర. చూడముచ్చటగా ఉంది, నిజంగా. మన దగ్గరైతే ఆ పేజీకే సగానికి పైగా మార్కులు వేసేవారు. ఆ తర్వాత లెక్కలోకి దిగి, తలానికి నిలువుగా ఉండే (1, 1, 1) వెక్టరుని రూట్ మూడుతో భాగించడం మరిచిపోయాను. యూనిట్ వెక్టరు కాని దానితో గుణిస్తే వచ్చేది తప్పే కదా. షియర్ సంగతి ఒక్క వాక్యమే కాబట్టి బిట్ ప్రశ్నలా ఉందని వదిలేశాను. ఆ ఒక్క వాక్యానికే మూడు మార్కులు ఉన్నాయని పక్కనున్న కాగితం చూశాక తెలిసింది.

నా పేజీన్నర మీద ఎక్కడా ఇంటూ మార్కు లేదు. పక్కన నిలువుగా ఒక సన్నని ఎర్ర గీత, దాని పక్కన రెండు జర్మన్ మాటలు: 'నిష్ట్ గెఫ్రాగ్ట్'. అడగలేదు అని అర్థం.

అసిస్టెంటు నా దగ్గరికొచ్చి కుర్చీ లాక్కున్నాడు. నేను ముందే సిద్ధం చేసుకున్న వాదన మొదలుపెట్టాను, డెరివేషన్ అంతా కరెక్టే కదా అని. "కరెక్టే, చాలా శుభ్రంగా ఉంది" అన్నాడు. "కానీ ఫార్ములా మీకందరికీ తెలుసని నాకు తెలుసు. దాన్ని మీరు ఎలా వాడతారో చూద్దామని అడిగాను." తర్వాత ఖాళీ కాగితం తీసి, అదే ప్రశ్నని నాలుగు లైన్లలో చేసి చూపించాడు. నాలుగే. ఐదో లైను షియర్ వాక్యం. నేను ఒకటిన్నర పేజీలో చేరని చోటుకి ఆయన టీ తాగినంత సేపట్లో చేరాడు.

ఆ తర్వాత పేపరంతా కలిసి చూశాం. ప్రతి ప్రశ్నలోనూ అదే రోగం. తెలిసిందంతా గుమ్మరించడం, అడిగింది చివర్లో హడావుడిగా ముగించడం. టైము చాలకపోవడానికి కారణం కూడా అదే. నాలుగో ప్రశ్నలో ఒకచోట సగం మార్కు వేయడం మరిచిపోయారని నేనే కనిపెట్టి చూపించాను. చూశాడు, తల ఊపాడు, "క్షమించండి, మీరు చెప్పింది నిజం" అని అక్కడికక్కడే పెన్ను తీసి కూడిక దిద్దాడు. యాభైకి 19.5 కాస్తా 20 అయింది. పాసుకి 25 కావాలి. కాబట్టి ఫెయిలు ఫెయిలుగానే ఉంది, కానీ ఆ సగం మార్కు నాకిచ్చిన సంతోషం తర్వాత ఏ జీతమూ ఇవ్వలేదు. ఎదుటి మనిషి సారీ చెప్పి మరీ దిద్దాడు!

2023 ఫిబ్రవరిలో మూడో అటెంప్టు. ఆ నాలుగు నెలలూ పాత ప్రశ్నపత్రాలు ముందేసుకుని, జవాబు ఎంత తక్కువలో రాయగలనా అని సాధన చేశాను. మన 'ఆల్ ఇన్ వన్' గైడ్ల చదువుకి పూర్తిగా ఎదురీత అది. వరంగల్ అక్క నా జవాబులు చూసి, అక్కర్లేని లైన్లన్నీ పెన్సిల్‌తో కొట్టేసేది. 2.7 వచ్చింది. అమ్మకి చెబితే కాసేపు మాట్లాడలేదు. "పోయినసారి ఐదొచ్చిందిగా, ఎందుకు తగ్గింది నాన్నా, ఒంట్లో బాగోలేదా?" అంది. అప్పుడు చెప్పాను మొత్తం. పక్కింటి అత్తయ్యకి మాత్రం చెప్పొద్దని ఇద్దరం అనుకున్నాం.

ఇంతవరకూ చదివి ఐన్‌జిష్ట్ అంటే ఏదో దేవుడి దర్శనం అనుకోకండి. మరో సబ్జెక్టులో వెళ్తే వరండాలో నిలబెట్టి, ఇరవై నిమిషాలిచ్చి, జవాబుల నమూనా జర్మన్‌లో మాత్రమే పెట్టి, "అభ్యంతరం ఉంటే రాసివ్వండి" అన్నారు. దిద్దినవాళ్ల ఓపికని బట్టి ఉంటుంది. ఇంకో మాట, అప్పట్లో ఐన్‌జిష్ట్‌ని పొగిడే ఊపులో నాకు తట్టనిది: పేపరు చూపించేది పోయాకే కదా. మా కోర్సులో సెమిస్టరంతటికీ చివర ఒకే పరీక్ష, నూటికి నూరూ దాని మీదే. మధ్యలో నువ్వెలా రాస్తున్నావో చెప్పేవాడు లేడు. మన మిడ్‌లని, ఇంటర్నల్స్‌ని నేను తిట్టినంతగా ఎవరూ తిట్టి ఉండరు. ఇక్కడ మిడ్ లాంటిది ఒకటుంటే నా రోగం డిసెంబరులోనే బయటపడేది.

మొదటి సెమిస్టర్‌లో మా జూనియర్ల వాట్సాప్ గ్రూపులో ఒక పెద్ద మెసేజ్ పెట్టాను. ట్యూషన్ ఫీజు లేదు, అటెండెన్స్ లేదు, పార్ట్‌టైమ్ చేసుకుంటూ హాయిగా చదువుకోవచ్చు, కళ్లు మూసుకుని వచ్చేయండి అని. అది ఇంకా ఫార్వర్డ్ అవుతూనే ఉందట, కాబట్టి కొంచెం సవరించాలి. ఫీజు లేదన్నది నేను చదివిన జర్మన్ రాష్ట్రం వరకు నిజం. బాడెన్-వుర్టెంబెర్గ్‌లో 2017 నుంచే యూరోపియన్ యూనియన్ బయటి విద్యార్థులకి సెమిస్టర్‌కి 1,500 యూరోలు ఉంది. మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ కూడా 2024 నుంచి మనలాంటి వాళ్ల దగ్గర ఫీజు మొదలుపెట్టింది. ఇక నా సంగతి: రెండేళ్ల కోర్సు మూడేళ్లు పట్టింది. గది, ఇన్సూరెన్స్, తిండి కలిపి నెలకి 750 యూరోల లెక్కన ఆ అదనపు ఏడాదికే తొమ్మిది వేలు. ఊళ్లో బ్యాంకు లోను వడ్డీ దాని పని అది చేసుకుంటూ పోయింది. అటెండెన్స్ లేకపోవడం సుఖమే, కానీ నెల రోజులు క్లాసుకి రాకపోయినా ఏమైందని అడిగే నాథుడు లేడు. పార్ట్‌టైమ్ సంగతికొస్తే, అప్పట్లో ఏడాదికి 120 పూర్తి రోజులు పని చేయొచ్చు, 2024 మార్చి నుంచి 140 చేశారు. రోజులు పెరిగాయని సంతోషించే ముందు నా రాత్రి షిఫ్టులు గుర్తు చేసుకోండి.

మరి వెళ్లొచ్చా? నాకు పెళ్లి కాలేదు, వెళ్లేనాటికి ఇరవై రెండేళ్లు, నాన్న ఇంకా ఉద్యోగంలో ఉన్నారు, లోనుకి ఇంటి కాగితాలు ఉన్నాయి, నేను చదివిన ఊళ్లో హాస్టల్ గది నెలకి 240 యూరోలకే దొరికింది. ఇందులో ఏ ఒక్కటి తప్పినా మూడో అటెంప్టు దాకా నిలబడేవాణ్ణి కాదు. జర్మన్ సరిగ్గా నేర్చుకోకపోవడం వల్ల 2024 సెప్టెంబరులో థీసిస్ ఇచ్చాక ఉద్యోగానికి ఏడు నెలలు పట్టింది. చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి పద్దెనిమిది నెలలు ఇస్తారు కాబట్టి బతికిపోయాను. బెర్లిన్‌లోనో మ్యూనిక్‌లోనో గది కోసం తిరుగుతున్నవాళ్ల కష్టం నేను రాసింది చదివితే తెలియదు, వాళ్లనే అడగండి.

మొన్న రాజమండ్రి నుంచి మా పిన్ని కొడుకు, జర్మనీలో అడ్మిషన్ వచ్చిందని ఫోన్ చేశాడు. ఏ బ్యాగు కొనాలి, కుక్కర్ తేవాలా అని ఒకటే ప్రశ్నలు. కుక్కర్ తెచ్చుకో, చిన్నది చాలు అన్నాను. తర్వాత, ఫెయిలైతే మాత్రం మొదటిసారే ఐన్‌జిష్ట్‌కి వెళ్లరా అన్నాను.

"ఇంకా ఫ్లైటే ఎక్కలేదు, ఇప్పుడే ఫెయిలంటావేంటన్నా" అని కోపమొచ్చి పెట్టేశాడు.