ఈకోయ్ డాట్ నెట్: ఆశ్రయం కేసుల్లో ఒక దేశం ఎంత సురక్షితమో తేల్చడానికి ఎంత పనికొస్తుంది?

ఆశ్రయం కోరిన మనిషిని వెనక్కి పంపితే ప్రాణాపాయం ఉందా లేదా అన్నది తేల్చాలంటే, వాళ్ల ఊళ్లో ఇప్పుడు ఏం జరుగుతోందో ముందు తెలియాలి. అందుకు చాలామంది లాయర్లు, అధికారులు తెరిచే సైటు ఈకోయ్ డాట్ నెట్. ఆస్ట్రియా రెడ్‌క్రాస్‌కు చెందిన అకార్డ్ విభాగం 2001 నుంచి దీన్ని వియన్నాలో ఉండి నడుపుతోంది. పైసా కట్టక్కర్లేదు. ఐక్యరాజ్యసమితి, ప్రభుత్వాలు, హక్కుల సంఘాలు రాసిన నివేదికలు ఒకేచోట ఉంటాయి. వెతుకులాటకు ఇంతకంటే మంచి ఉచిత సాధనం లేదనే చెప్పాలి. అయితే అది పత్రాలు చేతికిస్తుందే గానీ తీర్పు ఇవ్వదు.

దేశం పేరు కొట్టి ఊరుకుంటే పత్రాలు కుప్పలుగా వచ్చిపడతాయి. ముందు ప్రశ్న కాగితం మీద రాసుకోండి. ‘అఫ్ఘానిస్తాన్‌లో భద్రత’ అన్నది ప్రశ్నే కాదు. నంగర్‌హార్ ప్రావిన్సులో గత 12 నెలల్లో పౌరుల మీద దాడులు ఎవరు చేశారు, కాబూల్ నుంచి జలాలాబాద్ దారి ఎలా ఉంది అని అడగాలి. ఊరి పేరును నాలుగు స్పెల్లింగుల్లో వెతకాలి, లేకపోతే సగం పత్రాలు తగలవు. తేదీ ఫిల్టర్ చూపేది నివేదిక వెలువడిన తేదీని. అందులోని సంఘటనలు అంతకు ఏడాది ముందువి కావచ్చు, లోపల చూసుకోవాలి.

ఎక్కువమంది దెబ్బతినేది అంకెల దగ్గర. 2020లో అఫ్ఘానిస్తాన్‌లో 3,035 మంది పౌరులు చనిపోయారని, 5,785 మంది గాయపడ్డారని ఐరాస మిషన్ యునామా నమోదు చేసింది. అది పౌరులనే లెక్కిస్తుంది, గాయపడినవాళ్లనూ కలుపుతుంది. సాయుధ ఘర్షణల వివరాలు సేకరించే ఆక్లెడ్ సంస్థ లెక్క వేరు: అందులో చనిపోయిన సాయుధులూ ఉంటారు, గాయపడినవాళ్లు ఉండరు. ఈ రెండింటినీ కలిపి ఒక పట్టికలో వేస్తే అది తప్పుడు పట్టిక. పైగా ఆ అంకెను జనాభాతో భాగించి ‘శాతం తక్కువ, ప్రమాదం లేదు’ అంటారు. అఫ్ఘానిస్తాన్‌లో 1979 తర్వాత దేశమంతటా జనాభా లెక్కలే జరగలేదు, కాబట్టి భాజకమే అంచనా. ఇలా జర్మనీలో నంగర్‌హార్ వాళ్ల కేసులు కొట్టేసిన పద్ధతి మీదే 2021 జూన్ 10న యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం తీర్పు చెప్పింది: చనిపోయిన, గాయపడిన వారి నిష్పత్తి ఒక్కటే కొలమానం కాకూడదు. పోరు తీవ్రత, ఎన్నాళ్లుగా సాగుతోంది, ఎంత ప్రాంతానికి పాకింది, సాయుధ దళాలు ఎంత వ్యవస్థీకృతం, ఇవన్నీ కలిపి చూడాలి.

ఎల్గఫాజీ కేసులో 2009లో ఇదే కోర్టు మరో సూత్రం ఇచ్చింది. మనిషికి సొంతంగా ప్రమాద కారణాలు ఎంత ఎక్కువుంటే, ఆ ప్రాంతంలో హింస అంత తక్కువున్నా రక్షణ ఇవ్వొచ్చు. ఈ తూకం ఏ సైటూ మీకు వేసిపెట్టదు. పోరు తగ్గినంత మాత్రాన భయం పోదు కూడా: తాలిబన్లు వచ్చాక అఫ్ఘాన్ మహిళలకు ఆశ్రయం ఇవ్వడానికి లింగం, జాతీయత చూస్తే చాలని అదే కోర్టు 2024 అక్టోబరులో చెప్పింది.

లోటుపాట్లూ ఉన్నాయి. సైటు ఇంగ్లిష్, జర్మన్‌లలోనే నడుస్తుంది. దరీ, పష్తో, సోమాలీ వార్తలు పెద్దగా కనిపించవు. విలేకరులు వెళ్లలేని జిల్లా నుంచి నివేదికలు రాకపోతే అక్కడ ప్రశాంతత ఉందనుకోవద్దు. ఇంకొకటి, ఐదు నివేదికలు ఒకే మాట చెబుతున్నాయంటే ఫుట్‌నోట్లు తెరవండి. ఐదూ ఒకే వార్త నుంచి తీసుకుని ఉండొచ్చు, అప్పుడు అది ఒక్క ఆధారమే.

భారత్ 1951 శరణార్థుల ఒప్పందంపై సంతకం చేయలేదు గానీ, హైదరాబాద్ బాలాపూర్‌లోని రోహింగ్యాల కేసులు చూసేవాళ్లకు ఇందులోని మయన్మార్ పేజీ అక్కరకొస్తుంది. 2024 డిసెంబరులో అక్కడి రఖైన్ రాష్ట్రంలోని మౌంగ్‌డా పట్టణం అరాకాన్ ఆర్మీ అనే సాయుధ తిరుగుబాటు దళం చేతికి వెళ్లింది. అక్కడ ఎవరి పాలన ఉందన్న విషయంలో అంతకు ముందటి నివేదికలు ఇక చెల్లవు. వాడే ప్రతి పత్రాన్నీ తీసిన రోజే సేవ్ చేసుకుని, పేజీ నంబరు, తేదీ, సైటు ఇచ్చే డాక్యుమెంట్ నంబరు మూడూ రాసుకోండి. అసలు సైట్లలో లింకులు మాయమవుతుంటాయి.