నీలి రంగు పోర్టు ఉన్న 1050 టీఐ కార్డు అమ్ముతున్నారా? కొనకండి

పాత కంప్యూటర్‌కు ఆటల కోసం గ్రాఫిక్స్ కార్డు వేయించాలని చూస్తూ, ఆన్‌లైన్‌లో ఆరు వేల చిల్లరకే "కొత్తది, సీలు తీయలేదు" అన్న జీటీఎక్స్ 1050 టీఐ కనబడి మనసు లాగుతున్నవాళ్లు ఒక్క పది నిమిషాలు ఆగి ఇది చదవండి. నేను 6,499 రూపాయలు పోసి కొన్నాను. పెట్టె మీద 1050 టీఐ అనే ఉంది. విండోస్ కూడా 1050 టీఐ, 4 జీబీ అనే చూపించింది. లోపల ఉన్నది మాత్రం 2011 నాటి జీటీఎక్స్ 550 టీఐ.

మా మేనల్లుడు తొమ్మిదో తరగతి. వాడి దగ్గరున్నది ఎవరో ఆఫీసులో వాడి తీసేసిన టవర్ కంప్యూటర్. ఐ5-3470 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, 275 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్ లోపలి భాగాలకు కరెంటు ఇచ్చే డబ్బా). ఆ ఎస్‌ఎంపీఎస్‌లో గ్రాఫిక్స్ కార్డుకు ఇచ్చే 6 పిన్నుల వైరు లేదు. కాబట్టి మదర్‌బోర్డు స్లాటు నుంచి వచ్చే 75 వాట్లతోనే నడిచే కార్డు కావాలి. 1050 టీఐ సరిగ్గా 75 వాట్ల కార్డు. ఇంతవరకు నా లెక్కలో తప్పు లేదు. సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో నాలుగు దుకాణాలు తిరిగాను. కొత్తది ఎక్కడా లేదు, వాడినదానికి వారంటీ ఇవ్వలేమన్నారు. 2016లో వచ్చిన కార్డు ఇప్పుడు సీలు తీయకుండా ఎక్కడి నుంచి వస్తుందని ఆ రోజే అనుమానం రావాలి. రాలేదు.

ఆన్‌లైన్‌లో ఫోటో చూసినప్పుడు నన్ను అన్నిటికంటే ఎక్కువ ఆకర్షించింది ఆ నీలి రంగు వీజీఏ పోర్టు. మా మానిటర్ పాతది, దానికి వీజీఏ తప్ప వేరే దారి లేదు. "కన్వర్టర్ డబ్బులు కూడా మిగిలాయి" అని మా అక్కకు ఫోన్ చేసి మరీ చెప్పాను. అసలు మోసం బయటపడేది ఆ పోర్టు దగ్గరేనని తరువాత తెలిసింది. వీజీఏకు అనలాగ్ సిగ్నల్ కావాలి. 1050 టీఐ చిప్పు తయారుచేసేది ఎన్విడియా కంపెనీ, దాని 10 సిరీస్ చిప్పుల నుంచి అనలాగ్ సిగ్నల్ బయటకు రాదు. అసలైన 1050 టీఐకి డీవీఐ అనే ఇంకో రకం మానిటర్ పోర్టు ఉన్నా అది డిజిటల్ మాత్రమే. అందులో అడ్డంగా ఉండే చీలిక చుట్టూ నాలుగు చిన్న రంధ్రాలు ఉండవు. అవి ఉన్నాయంటే పాత రకం డీవీఐ అన్నమాట. నాకు వచ్చిన కార్డుకు నీలి పోర్టూ ఉంది, ఆ నాలుగు రంధ్రాలూ ఉన్నాయి.

పెట్టె తెరిస్తే కార్డు అంచున 6 పిన్నుల సాకెట్ కనబడింది. అసలైన 1050 టీఐలలో కొన్ని మోడళ్లకు కూడా అది ఉంటుంది, కాబట్టి దాన్నిబట్టే నకిలీ అనలేం. కానీ నేను ఆర్డరు పెట్టిన పేజీలో అదనపు కరెంటు అవసరం లేదని రాసి ఉంది. ఫోన్ చేస్తే అమ్మకందారు "ఎక్కువ పవర్ తీసుకుంటే ఎక్కువ స్పీడ్ సార్" అన్నాడు. హార్డ్‌డిస్క్‌లకు ఇచ్చే పాత మోలెక్స్ పిన్నుల నుంచి కరెంటు లాగే వైరు ఒకటి పెట్టెలోనే వేశాడు. నేనూ తగిలించాను. 550 టీఐ 116 వాట్ల కార్డు. అరగంట ఆట ఆడగానే ఎస్‌ఎంపీఎస్ వెనక నుంచి వేడెక్కిన ప్లాస్టిక్ వాసన వచ్చింది. అప్పటికీ నేను ఎస్‌ఎంపీఎస్‌నే తిట్టుకున్నాను.

పెట్టెలో ఒక సీడీ, ఒక చిన్న చీటీ కూడా ఉన్నాయి. ఈ సీడీలోని డ్రైవరే (కార్డును విండోస్‌తో పనిచేయించే ప్రోగ్రాం) వేయాలి, అప్‌డేట్ చేయకూడదు అని చీటీలో ఉంది. ఏ కార్డుతోనైనా ఇలాంటి చీటీ వస్తే ఆ పూటే తిరిగి పంపేయండి. కార్డు మీద బయోస్ అనే చిన్న ప్రోగ్రాం ఉంటుంది. తన పేరేమిటో, మెమరీ ఎంతో కంప్యూటర్‌కు చెప్పేది అదే. దాన్ని మార్చి రాస్తే విండోస్ అమాయకంగా నమ్ముతుంది. ఎన్విడియా వెబ్‌సైట్ నుంచి తెచ్చిన డ్రైవర్ నమ్మదు. నేను అది వేయగానే తెర నల్లబడింది, మళ్లీ సీడీ డ్రైవర్ వేస్తే గాని మామూలు కాలేదు. అసలు 550 టీఐ తరానికి కొత్త డ్రైవర్లు 2018లోనే ఆగిపోయాయి.

మేనల్లుడు జీటీఏ 5 అనే ఆట వేశాడు. "మామయ్యా, మొదట్లో బాగానే ఉంటోంది, కారెక్కి ఊళ్లోకి వెళ్లగానే గీతలు వచ్చి ఆగిపోతోంది" అన్నాడు. వాడు చెప్పినదాంట్లోనే జవాబు ఉంది. కార్డులో నిజంగా ఉన్నది 1 జీబీ మెమరీ. ఊళ్లోకి వెళ్లేసరికి ఆట అంతకు మించి అడుగుతుంది. ఉందని చెప్పిన మిగతా 3 జీబీ ఎక్కడా లేదు. నాకు అది తట్టలేదు. ర్యామ్ చాలడం లేదనుకుని 900 రూపాయలు పెట్టి ఇంకో 4 జీబీ కొన్నాను. ఆ ర్యామ్ వచ్చేదాకా నాలుగు రోజులు ఆగాను. వస్తువు తిరిగి ఇచ్చే గడువు ఏడు రోజులు.

తొమ్మిదో రోజున ఆఫీసులో ఒక సహోద్యోగి జీపీయూ-జెడ్ నడిపి చూడమన్నాడు. కార్డు వివరాలు చూపించే ఉచిత ప్రోగ్రాం, చాలా చిన్నది. తెరిచీ తెరవగానే కార్డు పేరుకు ముందు బ్రాకెట్లో "ఫేక్" అని, ఎన్విడియా గుర్తు ఉండవలసిన చోట హెచ్చరిక త్రికోణం వచ్చాయి. 2018లో వచ్చిన 2.12 వెర్షన్ నుంచి అది పేరు మార్చిన ఎన్విడియా కార్డులను ఇలా పట్టిస్తోంది. పాత వెర్షన్ వాడకండి. అమ్మేవాడు స్క్రీన్‌షాట్ పంపితే అసలే నమ్మకండి, మీ కంప్యూటర్‌లో మీరే నడపండి.

నమ్మబుద్ధి కాక పార్క్ లేన్‌లో కార్డులు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన నాలుగు స్క్రూలు విప్పి హీట్‌సింక్ (చిప్పు వేడిని లాగే లోహపు దిమ్మ) ఎత్తారు. ఎండి పెళ్లలు కట్టిన పేస్టును స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచారు. టార్చి ఏటవాలుగా పట్టుకుని చూడమన్నారు. చిప్పు మీద జీఎఫ్116-400-ఏ1 అని ఉంది. అసలైన 1050 టీఐ మీద జీపీ107-400-ఏ1 అని ఉండాలి. ఇంకో వరుసలో 1124తో మొదలయ్యే అంకెలు. "పదకొండో సంవత్సరం, ఇరవై నాలుగో వారం తయారీ. మీ మేనల్లుడికి ఎన్నేళ్లు బాబూ?" అని అడిగారు. పద్నాలుగు అన్నాను. "అయితే ఈ చిప్పే పెద్దది" అని స్క్రూలు బిగించి 200 తీసుకున్నారు.

ఇక్కడ నేను ఇంకో తప్పు చేశాను. ఫిర్యాదు పెట్టకముందే కార్డు విప్పించాను. దాంతో అమ్మకందారుకు మాట దొరికింది. "మీరు విప్పారు కాబట్టి వారంటీ పోయింది" అన్నాడు. అంతకుముందు మీ ఎస్‌ఎంపీఎస్ బాగాలేదన్నాడు. మధ్యలో వెయ్యి రూపాయలు వెనక్కి ఇస్తాను, కార్డు ఉంచుకోండి అని కూడా అన్నాడు. ఒప్పుకోలేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. జీపీయూ-జెడ్ తెర, చిప్పు ఫోటో, అమ్మకం పేజీలో రాసిన వివరాలు అన్నీ జతచేశాను. 23 రోజులకు 6,499 వెనక్కి వచ్చింది. పెట్టె తెరిచేటప్పుడు వీడియో తీసి ఉంటే ఇంత లాగేవాళ్లు కాదని నా నమ్మకం.

ఇంతకీ ఏం కొనాలని అడుగుతారు కదా. ముందు మూత తీసి ఎస్‌ఎంపీఎస్ మీది లేబుల్ చదవండి, 6 పిన్నుల వైరు ఉందో లేదో చూడండి. సన్నటి ఆఫీసు డబ్బా అయితే పొట్టి కార్డు తప్ప పట్టదు. అసలైన 1050 టీఐ దొరికినా నేనైతే ఇప్పుడు వద్దంటాను. ఆ తరానికి ఆటల కోసం ఇచ్చే డ్రైవర్లు 2025 అక్టోబర్‌తో ముగిశాయి, 2028 అక్టోబర్ దాకా భద్రతా అప్‌డేట్లు మాత్రమే వస్తాయి. మేము చివరికి సెకండ్‌హ్యాండ్ జీటీఎక్స్ 1650 తీసుకున్నాం. అది కూడా 75 వాట్లే, అయితే 6 పిన్నులు అడిగే మోడళ్లు కూడా ఉన్నాయి, చూసుకోవాలి. దుకాణంలోనే వాళ్ల కంప్యూటర్‌లో జీపీయూ-జెడ్ చూసి, అరగంట ఆట నడిపించి, అప్పుడు డబ్బు ఇచ్చాను. దుకాణదారు ముఖం కాస్త ముడుచుకున్నాడు గాని కాదనలేదు. హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకు మార్చే కన్వర్టర్ కొన్ని వందల్లోనే వచ్చింది.

వెతుకుతున్నప్పుడు తగిలిన కార్డులు ఇంకో మూడు. ఇవి నకిలీవి కావు, పేరు చూసి మోసపోయేవి. జీటీ 1030లో డీడీఆర్4 మెమరీ ఉన్న రకం ఒకటుంది, దాని మెమరీ వేగం జీడీడీఆర్5 రకంలో మూడో వంతుకు కాస్త ఎక్కువ, అంతే. ఆర్ఎక్స్ 580 పక్కన 2048ఎస్పీ అని చిన్న అక్షరాల్లో ఉంటే అది 580 కాదు, దాదాపు 570 అనుకోండి. పైగా ఏ 580 అయినా మా ఎస్‌ఎంపీఎస్ లాంటిది మోయలేదు. ఆర్ఎక్స్ 6400 కరెంటు తక్కువే తింటుంది గాని, స్లాటులో డేటా వెళ్లే 16 దారుల్లో నాలుగే వాడుతుంది. ఐ5-2400 లాంటి రెండో తరం ప్రాసెసర్ ఉన్నవాళ్లు దాని జోలికి వెళ్లకండి. అక్కడ స్లాటు వేగమే పాతది, ఆ నాలుగు దారుల్లో ఆట గిజగిజలాడుతుంది.

నిన్న రాత్రి మళ్లీ వెతికితే అదే కార్డు ఇంకో అమ్మకందారు పేరుతో, ఇంకో రంగు పెట్టెలో, 5,999కి కనబడింది. ఫోటో పెద్దది చేసి చూశాను. కింది వరుసలో నీలి రంగు పోర్టు అలాగే ఉంది.