తిరుపతిలో ఫారిన్ జాబ్స్ ఆఫీసు, ఆఫ్రికా పైప్‌లైన్ పని అడిగేదానికి పోయొచ్చిన కథ

పేరు రాయనబ్బా, బస్టాండ్ నుంచి నడిచిపోయే దూరమే, మేడ మీద ఆఫీసు. మా పీలేరు పిల్లోడొకడు ఆఫ్రికాలో క్రూడాయిల్ పైప్‌లైన్‌కి వెల్డర్లు కావాలంట అంటే, ఒమన్‌లో ఆరేండ్లు చేసిందీ పైపు పనే కదా అని పోయినా. రెండు స్టార్లు ఇస్తాండా.

ఆ రెండూ ట్రేడ్ టెస్ట్‌కే. ఉత్తుత్తిగా పెట్టలా, రేణిగుంట దారిలో షెడ్డు, 6జీ పొజిషన్‌లోనే, అంటే పైపుని 45 డిగ్రీలు వాల్చి కదలకుండా బిగించి ఇచ్చినారు, రూట్ (అడుగున వేసే మొదటి వెల్డు) ఆర్గాన్ గ్యాస్‌తో, దాని పైన రాడ్డుతో. చూసేదానికి వచ్చినాయన పనోడు, నా రూట్‌లో చిన్న గుంట ఉంటే టార్చ్ కొట్టి చూపించి మళ్లీ గ్రైండ్ చేయించినాడు.

ఇంక ఆఫీసులో ఆయన. "ఉగాండా గవర్నమెంట్ ప్రాజెక్టు, జీతం గవర్నమెంటే ఇస్తాది" అనేసినాడు. రాత్రి ఫోన్‌లో చూస్తే అది ఈస్ట్ ఆఫ్రికన్ క్రూడాయిల్ పైప్‌లైన్ (ఈకాప్), నాలుగు కంపెనీలు కలిసి పెట్టుకున్న జాయింట్ వెంచర్, ఫ్రాన్స్ కంపెనీ టోటల్ ఎనర్జీస్‌కి 62 శాతం, ఉగాండా, టాంజానియా సర్కారు ఆయిల్ కంపెనీలకి చెరో 15, చైనా కంపెనీకి 8. పైపు పొడుగు 1,443 కిలోమీటర్లు, ఉగాండాలో ఉండేది 296 మాత్రమే, మిగతాదంతా టాంజానియాలో టాంగా రేవు దాకా. మరి వీసా ఏ దేశానిది, మనల్ని పెట్టుకునే కాంట్రాక్టర్ ఎవరు, ఆఫర్ లెటర్ మీద ఎవరి పేరుంటాది అని తెల్లారి అడిగితే నవ్వినాడు సామీ, అంతే.

"గల్ఫ్‌లో మాదిరి మామూలు పైపే" అన్నాడు ఇంకా. యాడ మామూలు? ఆ క్రూడ్‌లో మైనం ఎక్కువ, చలికాలంలో కొబ్బరినూనె సీసాలో గడ్డకట్టినట్టు కట్టేస్తాది, అందుకని 24 అంగుళాల పైపుకి చుట్టూ ఇన్సులేషన్ వేసి పొడుగూతా కరెంటుతో వేడి చేస్తా 50 డిగ్రీల పైనే ఉంచాల. మన రాజస్థాన్ బాడ్‌మేర్ నుంచి గుజరాత్‌కి పోయే క్రూడ్ లైన్ కూడా ఇట్లా వేడి చేసేదే. అట్లాంటి దాంట్లో పని చేసినోళ్లు ఉంటే జీతం గట్టిగా అడగొచ్చు, ఈయన ఆ ముక్కే చెప్పలా.

మీ ఏజెంట్ లైసెన్స్ నంబర్ చెప్పు, ఈ-మైగ్రేట్ అని ఫారిన్ పనులకి పోయేవాళ్ల కోసం మన గవర్నమెంట్ పెట్టిన సైట్‌లో చూసుకుంటా అంటే సార్ ఊర్లో లేడంట. సర్వీస్ ఛార్జీ 30 వేలు, దానిమీద జీఎస్టీ, అంతకుమించి తీసుకోకూడదని రూలు, ఈయన అడిగింది లక్షా ఇరవై, రసీదు లేకుండా. లేచి వచ్చేసినా గానీ పాస్‌పోర్ట్ వాళ్ల బీరువాలో ఉండిపోయింది, దానికోసం పీలేరు బస్సు మూడుసార్లు ఎక్కినా. జిరాక్స్ ఇయ్యండి, ఒరిజినల్ ఇయ్యాకండి.